త్రవ్వి చూచిన సాలు

వైశాఖమధ్యమందలి మార్తాండుని ప్రచండకిరణములకు మాడి యెఱ్ఱబారిన యనంతపురసీమ మెట్టనేల కుమ్మరియావమునుండి యప్పుడే వెలికిదీసిన కుండపెంకువలె వేడిని గ్రక్కుచుండెను. మేఘశకలమైనను లేని గగనమున గ్రద్దయొకటి నిశ్చలముగా నిలిచియుండ గట్టుమీది వేపకొమ్మకు గట్టిన చీరయుయ్యెలలో ఏడాది పసిపాప నిదురించుచుండ చౌడేశ్వరి యను నిరువదేండ్ల యిల్లాలు చేనిమీది వేరుశనగపొట్టును తొలగించి వ్రేళ్లతో సాలును త్రవ్వుచుండెను.

వానకు ముందే విత్తు విధమును పల్లెపల్లెకు నేర్పుచుండిన కుళ్ళాయమ్మ మాటను నమ్మి చౌడేశ్వరి తన యింట మిగిలిన కొఱ్ఱలు కందులు అలసందలు మొదలగు గింజలనన్నిటిని బంకమన్నుతోను బూడిదతోను పేడనీటితోను గుళికలుగా జుట్టి పొడిదుక్కిసాళ్లలో నిడి పైన పొట్టు మందముగా గప్పి పదిదినములయ్యెను. అవి మొలవనిచో నిరుటివలె బెంగుళూరి కట్టడపుబనికి వలసపోక తప్పదు. అచ్చట సిమెంటుధూళిలో నొకనాడీ పసికందు దగ్గి దగ్గి యూపిరాడక నీలివర్ణము దాల్చెను. నాటినుండి బిడ్డ నిదురించినప్పుడెల్ల ముక్కుకడ వ్రేలుంచి శ్వాసను బరీక్షించుట యామెకు మానరాని యలవాటయ్యెను. ఆ భయమే దినదినమును గుళికలను బెకలించి పగులగొట్టి లోనిగింజను జూడుమని యామెను బురికొల్పుచుండెను.

మగడు ఓబులేసు గట్టుపై నిలిచి పరిహసించెను.

"వాన రాకముందే గింజలేసి చీమలకు పెండ్లిబోజనం పెట్టినావే! ఇది సేనా, చెత్తదిబ్బా? ఆయితారానికి మొలక కనపడకుంటే ఈ పొట్టుకు అగ్గిపెట్టి బెంగుళూరికి మూట కడతా."

విత్తుటకు ముందు చెత్తనంతయు దహించి చేనిని నున్నగా నుంచుటయే వాని తాతతండ్రులనాటి యాచారము.

మఱునాడు కుళ్ళాయమ్మ వచ్చి పగిలిన గుళికలను గాంచి నిర్ఘాంతపోయెను.

"ఏమ్మే, దినామూ తవ్వి సూస్తాండావా?"

"బతికుండాదో సచ్చిందో తెలియద్దా అక్కా?"

"పండుకున్న బిడ్డను గడియకోతూరి లేపితే బిడ్డ పెరుగుతాదా? ఆ మన్నే దానికి దుప్పటి. నువ్వు పీకేస్తే గింజ ఎండకు మాడిపోతాది. ఊరికే కూర్చో తల్లీ, నీకు అదే రాదు!"

ఆ సాయంకాలమే ధూళి యణగునంతటి చిఱుజల్లు కురిసి వెలిసెను. పిమ్మట నాలుగుదినములెండ నిప్పులు చెఱగెను. చౌడేశ్వరి తన చేతులను కొంగున జుట్టుకొని గట్టుపై గూరుచుండి పొట్టుక్రింద గింజలన్నియు గతించియుండునను శంకను భరించుచు త్రవ్వకయే యా దినములను గడపెను.

ఆదివారము ప్రాతఃకాలమున ఓబులేసు అగ్గిపెట్టెతో వచ్చెను. పుల్ల గీయుటకై వంగి పొట్టును ప్రోగుచేయబోయి చటుక్కున చేతిని వెనుకకు దీసికొనెను.

"ఏమే, ఇట్లా రా! అడుగున తడుండాదే!"

ఎల్లచేలును బీటలువారియున్న వేళ ఆ కప్పుక్రిందినేల యింకను చల్లగా నుండెను. ఆ చెమ్మలో సూదిమొనలవంటి మొలకలు తలలెత్తుచుండెను. వాడు పొట్టును మరల యథాస్థానమున గప్పెను.

పక్షము గడచునప్పటికి చేను పచ్చబడెను. గట్టునానుకొనిన యొక్క సాలు మాత్రము బోసియై యెఱ్ఱని గాయమువలె నుండెను.

"ఈడేమాయనే?"

"అది నేను సూసిన సాలు."

ఓబులేసు నవ్వబోయి యామె మొగము గాంచి మానెను. ఉయ్యెలలో పాప గాఢముగా నిదురించుచుండెను. చౌడేశ్వరి వ్రేలు ఆ చిన్నిముక్కుకడకు బోవుచు నడుమనే గాలిలో జాలసేపు నిలిచియుండెను.