రెండో జత కళ్ళు

మా అక్క మొగుడితో ఒకే పడవ ఎక్కాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. అదీ ఇద్దరే పట్టే కయాక్. ముందు సీట్లో ఆయన, వెనక నేను. పొద్దుటినుంచీ నాకు కనిపిస్తున్నది ఆయన మెడ ఒక్కటే. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది.

దీనికంతటికీ మూలం మా పక్షుల క్లబ్బు. కొత్త పిట్టని చూశామంటే ఇద్దరు చూసి ఉండాలి, ఒక్కరి మాట చెల్లదు. ఆ రూలు పెట్టించిన మహానుభావుడు బావగారే, అదీ నేను ఒంటరిగా చూసిన కొంగని లెక్కలోంచి కొట్టేయించడానికి. పోయినేడాది ఆయనే ఒంటరిగా వెళ్ళి, ఈ బురద మేటల మీద చెంచా ముక్కు పిట్టని చూశానంటూ ఊగిపోతూ వచ్చారు. పిచ్చుకంత పిట్ట, ముక్కు చివర చెంచా. రెండో సాక్షి ఎవరండీ అని నిండు సభలో అడిగింది నేనే. కాఫీ కలుపుకుంటూ చూసుంటారులెండి అన్నదీ నేనే. జనం పడీ పడీ నవ్వారు. ఆ రోజునుంచీ ఆయన పేరు చెంచాగారు. క్లబ్బు మానేశారు, నలుగురిలో నోరు విప్పడమే మానేశారు. నాకేం జాలి కలగలేదు.

అక్కకే కడుపు తరుక్కుపోయింది. ఇద్దరూ వెళ్ళి ఆ పిట్ట సంగతి తేల్చుకు రండి, లేదంటే నా గుమ్మం తొక్కకు అని నాతో తెగేసి చెప్పింది.

వచ్చాం. ఏ పాయలోకి వెళ్ళాలా అని పోట్లాడుకుంటుండగానే సముద్రం వెనక్కి తీసింది. చూస్తుండగానే నీళ్ళు జారిపోయి పడవ బురదలో కూరుకుపోయింది. కిందకి అడుగు పెడితే తొడల దాకా దిగబడతాం. మళ్ళీ పోటు వచ్చేదాకా కదిలేది లేదు. వెనక కూర్చున్నవాళ్ళే తిప్పాలి కదా అన్నారాయన. ముందు కూర్చున్నవాళ్ళకి కళ్ళుండాలి కదా అన్నాన్నేను. ఆ తర్వాత ఇద్దరం మూతులు ముడుచుకుని కూర్చున్నాం.

మేం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేసరికి పిట్టలు దగ్గరికొచ్చాయి. బురదని ముక్కులతో పొడుచుకుంటూ ఓ గుంపు. అందులో ఒకటి మాత్రం పొడవడం లేదు. ముక్కుని అటూ ఇటూ ఊపుతూ, నేల తుడుస్తున్నట్టు నడుస్తోంది. బైనాక్యులర్స్ ఎత్తాను. నా ఖర్మ కొద్దీ, ముక్కు చివర చెంచా.

నేను ఒక్క మాట అంటే చాలు, ఆయన మళ్ళీ తలెత్తుకు తిరుగుతారు. మరి నా కొంగ మాటేమిటి? అప్పుడు నన్ను నమ్మిందెవరు? బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టేసుకున్నాను.

"ఏమైనా కనబడిందా?" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"ఏముంది, మామూలు పిట్టలే," అన్నాను.

గుంపు లేచిపోయింది, దాంతోపాటు అదీ. ఆయన తన బైనాక్యులర్స్ మెడలోంచి తీసి, నిదానంగా మూతలు పెట్టారు.

"నేనూ చూశాను. నువ్వు చెబుతావేమోనని అడిగాను."

నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. అక్కతో ఏం చెబుతారని అడిగాను.

"మామూలు పిట్టలేనని," అన్నారు.

నీళ్ళు రావడానికి ఇంకా చాలా పొద్దుంది. ఆ మెడ ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.