పాలా గ్లాసు

గంగాభవానికి కోపం ముక్కు మీదే ఉంటుందని తెలీబంధా పేటలో కూరలమ్మేవాళ్ళకి కూడా తెలుసు. అలాంటి మనిషి పెట్టిన కాఫీకి వంక పెట్టే ధైర్యం పంతొమ్మిది వందల డెబ్బై రెండు దాకా రాయపూర్‌లో ఎవరికీ లేదు.

ఆవిడది విజయనగరం వైపు. భర్త పరదేశికి రైల్వేలో ఫిట్టరు పని. తెలీబంధా చెరువుకి ఎదురుగా అద్దె ఇల్లు. కార్తీకం రాగానే మైన్‌పాట్ కొండల మీద తలదాచుకున్న టిబెట్ కాందిశీకులు దిగివచ్చి, చెరువు గట్టున స్వెట్టర్లు పరుచుకుని అమ్మేవారు. వాళ్ళలో డోల్మా అనే అమ్మాయి ఒకనాడు ఈవిడ గుమ్మం ముందు ఆగి, "పాలా! పాలా!" అని గట్టిగా కేకేసింది.

"ఓలమ్మో, ఇంట్లో పసిబిడ్డ ఉన్నాదో ఏటో!" అనుకుని గంగాభవాని గబగబా గ్లాసుడు పాలు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. డోల్మా తెల్లమొహం వేసింది. ఇంతలో వెనకనుంచి స్వెట్టర్ల మూట మోసుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. వాళ్ళ భాషలో పాలా అంటే నాన్నట! సంగతి తెలిశాక ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ పాలు పాలాయే తాగాడు.

అలా స్నేహం కుదిరింది. వాళ్ళు అద్దెకున్న గది పైకప్పంతా చిల్లులు. అందుకని మూటలు ఈవిడ వరండాలో దాచుకుని, రోజూ పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళేవారు. వచ్చినప్పుడల్లా పాలాకి ఫిల్టరు కాఫీ ఇచ్చేది. ఆయన కళ్ళు మూసుకుని రెండంటే రెండు గుక్కలు తాగి, నిండు గ్లాసు అరుగు మీద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు. మొదటిరోజు వేడెక్కువైందేమో అనుకుంది. మర్నాడు పంచదార పెంచింది. పదో రోజుకి ఒళ్ళు మండిపోయింది.

"ఏటమ్మా, నా కాఫీ మీ నాన్నకి కషాయంలాగ ఉందేటి? రోజూ పారబోత్తన్నాను. రేపట్నించి మూటలు ఇంకెక్కడైనా పెట్టుకోండి!" అని సగం హిందీలో, సగం తెలుగులో దులిపేసింది.

డోల్మా మొహం పాలిపోయింది. వానొస్తే సరుకంతా నాశనమే. ముసలాయనకి మాటలు అర్థం కాకపోయినా కోపం అర్థమైంది. కూతురి చెవిలో ఏదో చెప్పాడు.

"దీదీ, పాలా మిమ్మల్ని ఒక్కసారి మా గదికి రమ్మంటున్నాడు. ఆ తరవాత మీ ఇష్టం" అంది డోల్మా.

చూద్దాం కదా అని వెళ్ళింది. ఉన్న ఒక్క తివాచీనీ ముసలాయన తన చొక్కా చేతి అంచుతో దులిపి, దాని మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, తను గుమ్మం దగ్గర నేలమీద కూర్చున్నాడు. పొడుగాటి చెక్క గొట్టంలో వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ గిన్నెలో పోసి, రెండు చేతులా అందించాడు. ఉప్పు టీ! కానీ పెట్టింది వదిలిపెట్టడం గంగాభవాని ఇంటా వంటా లేదు. ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. ముసలాయన మురిసిపోయి మళ్ళీ నింపాడు. మళ్ళీ తాగింది. మళ్ళీ నింపాడు. ఆరో గిన్నెకి ఆవిడ డోల్మా చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల కాదే తల్లీ!"

"అయ్యో దీదీ, తాగకండి! గిన్నె ఖాళీ అయితే ఇంకా కావాలనుకుంటాడు."

ఆ ఆరో గిన్నె ముందు పెట్టుకుని ఆవిడ వాళ్ళ ఊరి గురించి వింది. ముసలాయన చెబుతుంటే డోల్మా హిందీలోకి మార్చింది. ఊరి పక్కన సరస్సు రోజుకి మూడు రంగులు మారుతుందట. ఎండాకాలంలో బార్లీ చేలు, మంచు కొండల దాకా పచ్చగా. కనుమ దాటి ఎవరొచ్చినా, పేరడక్కుండానే పొయ్యి దగ్గర చోటిస్తారట. రాయపూర్ ఎండల్లో ఇన్నేళ్ళు మాడిన గంగాభవానికి ఒళ్ళంతా చల్లబడింది. ఎంత గొప్ప ఊరు, ఎంత గొప్ప మనుషులు అనుకుంది.

"ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళకి మా ఊళ్ళో టీ పోస్తారు దీదీ. రెండు గుక్కలు తాగి, తక్కింది తిరిగొచ్చి తాగుతానని వదిలి వెళ్ళాలి. మీ గుమ్మంలోంచి పాలా రోజూ అలాగే బయల్దేరుతున్నాడు."

ముసలాయన మెల్లిగా ఇంకో మాట అన్నాడు. డోల్మా తల వంచుకుని అదీ హిందీలో చెప్పింది.

"ఊరు వదిలేరోజు మా నానమ్మ పోసిన గిన్నె అక్కడే ఉండిపోయిందట. పదమూడేళ్ళయింది."

గంగాభవాని కొంగుతో కళ్ళొత్తుకుంది. "మూటలు మా వరండాలోనే ఉంటాయి. నా నోరు పడిపోనూ" అంది.

మాఘంలో వాళ్ళు కొండెక్కుతుంటే తనే పిలిచి కాఫీ ఇచ్చింది. ముసలాయన రెండు గుక్కలు తాగి, గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాడు. కాఫీ ఎన్నాళ్ళుంటుంది గనక? మర్నాడు పారబోసి, గ్లాసు కడిగి అలమర పై అరలో పెట్టింది. ఓసారి పరదేశి దాంట్లో మంచినీళ్ళు ముంచుకోబోతే, "ఆ గ్లాసు ముట్టుకుంటే ఊరుకోను!" అని లాగేసుకుంది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. మిగతా వాళ్ళంతా దిగారు కానీ వీళ్ళ జాడ లేదు. ఆవిడ రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడేది. ఎనిమిదో రోజు డోల్మా ఒక్కతే మూటతో వచ్చింది. గంగాభవాని గుండె జారిపోయింది.

డోల్మా వెనక్కి తిరిగి, "పాలా!" అని కేకేసింది.

సందు మలుపులోంచి కర్ర పోటేసుకుంటూ ముసలాయన వచ్చాడు. ఆవిడ లోపలికి పరిగెత్తి, పై అరలోని గ్లాసులో కాఫీ పోసి తెచ్చింది. ముసలాయన కూర్చుని, అడుగు కనబడేదాకా తాగేశాడు.

"మొత్తం తాగేసేవేటి బాబా!" అంది గంగాభవాని బిత్తరపోయి.

"ఘర్ ఆ గయా, బేటీ" అన్నాడు వచ్చీరాని హిందీలో, ఇంటికొచ్చేశానమ్మా అని. అని, ఖాళీ గ్లాసు మళ్ళీ నింపమన్నట్టు చాపాడు.