మూడు శాతం లోపు

2005 జూలై 30, శనివారం ఉదయం 9.10. పంజాగుట్టలో పెట్రోలు బంకు పక్కన నిలబెట్టిన పొల్యూషన్ వ్యాన్ దగ్గర గౌస్ మొహియుద్దీన్ కారు ఫెయిలయింది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ మూడు శాతం దాటకూడదు. తెర మీద 5.4 అని వచ్చింది.

కారు 1990 నాటి మారుతి. అమీర్‌పేటలో గౌస్ నడిపే డ్రైవింగ్ స్కూలుకు ఉన్నది అదొక్కటే. దాని పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఆదివారంతో ముగుస్తుంది. ఆదివారం ఆర్టీఏ ఆఫీసు ఉండదు. శనివారం మధ్యాహ్నం ఒంటి గంటలోపు ఖైరతాబాద్‌లో కారు చూపించి పాస్ చేయించాలి. లేకపోతే సోమవారం స్కూలు తెరవకూడదని నోటీసు వచ్చింది.

వ్యాన్‌లో యంత్రం నడిపే ప్రమోద్ ఒక దారి చెప్పాడు.

“పైపు పక్క కారుకు పెడ్తా. ఫొటో నీ నంబరుకు తీస్తా. అయిపోతది గదా అన్నా.”

“ఖైరతాబాద్‌ల ఇన్‌స్పెక్టర్ మళ్ల పైపు పెడ్తడు. ఆ పక్క కారును సుత పంపిస్తవా?”

ప్రమోద్ పైపు తీసి చుట్టాడు.

9.35కు కారు అమీర్‌పేట సందులో రాజనర్సయ్య షెడ్డుకు చేరింది. రాజనర్సయ్య పదకొండేళ్లుగా ఆ కారుకు మెకానిక్. ప్లగ్గులు మార్చాడు. ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గించాడు. 10.35కు గౌస్ మళ్లీ పంజాగుట్ట వెళ్లాడు. 4.1 వచ్చింది.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఇంజన్ రెండుసార్లు ఆగింది. వెనక సిటీ బస్సు డ్రైవరు కారు మీది డ్రైవింగ్ స్కూల్ బోర్డు చదివాడు.

“నీకెవరు నేర్పిండ్రు భాయ్?”

గౌస్ మళ్లీ తాళం తిప్పాడు.

షెడ్డులో రాజనర్సయ్య అంకె విని తల అడ్డంగా ఊపాడు. “ఇంక స్క్రూ తిప్పితే బండి నిలబడది. కార్బురేటరే పోయింది. కొత్తది సోమవారం దొరుకుతది.”

“సోమవారం నాకెందుకది?”

11.10కి భావన వచ్చింది. కాకినాడ అమ్మాయి. జావా కోర్సు చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. పదకొండు గంటల డ్రైవింగ్ క్లాసు ఆమెది. స్కూలు దగ్గర కారు లేదని షెడ్డుకు వచ్చింది. ఇంజన్ నడుస్తోంది. రాజనర్సయ్య తల బానెట్ కింద ఉంది. క్లాసు మొదలవుతుందనుకుని భావన డ్రైవర్ సీట్లో కూర్చుంది. భుజం మీది బ్యాగు తీసి స్టీరింగ్ పక్కనున్న గుండీకి తగిలించింది.

ఇంజన్ చప్పుడు మారింది. రాజనర్సయ్య తలెత్తి అద్దంలోంచి చూశాడు.

“అమ్మా, గది తియ్యి.”

“ఏంటండీ? రోజూ ఇక్కడే తగిలిస్తాను. సారే చెప్పారు, ఒళ్లో ఉంటే గేరుకి అడ్డమని.”

“అందరు గట్లనే పెడ్తరా?”

“అందరూను. బ్యాగుల్లో పుస్తకాలుంటాయి కదా, బరువు.”

అది చోక్ గుండీ. చలికి ఇంజన్ స్టార్టు కాకపోతే లాగేది. లాగితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ మండుతుంది. రాజనర్సయ్య బ్యాగు తీయించి గుండీని లోపలికి నొక్కాడు. ఫిల్టరు విప్పి కార్బురేటర్‌లోకి చూశాడు. గుండీ లోపలికి వెళ్లింది. లోపల గాలికి అడ్డుండే మూత మాత్రం సగమే తెరుచుకుంది. గుండీ నుంచి మూతకు వెళ్లే తీగ బ్యాగుల బరువుకు వంగి ఇరుక్కుపోయింది.

“చోక్‌ను చిలక్కొయ్య చేసినవ్ భాయ్.”

“పొద్దట్నుంచి నువ్వేం చూసినవ్ మరి?”

“గుండీ లోపలికే ఉన్నది. అయినా చూడాల్సింది.”

రాజనర్సయ్య తీగ కోసి గుండీ పీకేశాడు. మూత పూర్తిగా తెరిచి ఇనుప తీగతో కట్టాడు. కార్బురేటర్ స్క్రూను మళ్లీ మునుపటి చోటికి తిప్పాడు.

12.05కు ప్రమోద్ మూడోసారి పైపు పెట్టాడు. అంకె 1.9 దగ్గర మొదలైంది. 2.4. 2.7. 2.9. గౌస్ చెయ్యి కారు టాపు మీద ఉంది. 2.9 దగ్గరే నిలిచింది. కాగితం బయటికి వచ్చింది.

ఖైరతాబాద్‌లో కారుకు ముందు ఆరు బళ్లున్నాయి. చల్లబడితే చోక్ లేకుండా స్టార్టు కాదని గౌస్ ఇంజన్ ఆపలేదు. 12.51కి ఇన్‌స్పెక్టర్ సొంత యంత్రం పైపు పెట్టాడు. 2.8. సంతకం చేశాడు.

సోమవారం ఉదయం ఏడు గంటల క్లాసుకు కారు వచ్చింది. చోక్ గుండీ ఉన్న చోట రంధ్రం ఉంది. వెనక సీటు మీద రెండు బ్యాగులున్నాయి.