పదును ఉండాది

పెళ్లయి ఆలూరు దగ్గరి ఆ పల్లెకు కాపురానికి వచ్చిన కొత్తలో తనూజకు కంటికి కనబడినదల్లా ముచ్చటే. పొద్దున్నే అత్త గురమ్మ వేడివేడి ఉగ్గాని మీద పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి పళ్లెం చేతికిస్తే ముచ్చట. బిందె నడుమున పెట్టుకోవడం రాక సగం నీళ్లు ఒలకబోసుకుంటే వీధి వీధంతా నవ్వడం ముచ్చట. మొగుడు ప్రవీణ్ వెనక నుంచి వచ్చి జడ కొస లాగి, ఏమీ ఎరగనివాడిలా దూలాల వైపు చూస్తూ నిలబడటం మరీ ముచ్చట. మైదుకూరులో బట్టల అంగడి ఉన్న ఇంట్లో పుట్టి, కడపలో డిగ్రీ చదివిన పిల్ల. చేను గట్టు మీద పడిపోకుండా నడవడం ఇక్కడికి వచ్చాకే నేర్చుకుంది.

ప్రవీణ్ కర్నూలులో ఇంజనీరింగు చదివి, ఉద్యోగం మాటెత్తకుండా ఇంటికొచ్చి ఒక యంత్రం చేశాడు. చూడటానికి అదొక ఇనుప కడ్డీ, దాని నెత్తిన చిన్న డబ్బా. చేన్లో పాతితే, మట్టిలో తడి ఎంత లోతు దిగిందో, విత్తనానికి సరిపోతుందో లేదో కనిపెడుతుంది. దానికి ‘పదును’ అని పేరు పెట్టాడు. పదును కత్తికి కదా, కడ్డీకేమిటని తనూజ అడిగితే గురమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. వాన పడి నేల విత్తనానికి సిద్ధమైతే ఇక్కడ దాన్నే పదును అంటారనీ, అది చూసుకోకుండా విత్తితే ఏడాదంతా అనుభవించాల్సిందేననీ ప్రవీణ్ విడమరిచి చెప్పాడు.

ఊళ్లో ఫోను లేని ఇల్లు లేదు. దాంట్లో వచ్చే అక్షరాలు చదివేవాళ్లే తక్కువ. అందుకని యంత్రం అందరికీ ఫోను చేసి నోటితో చెప్పాలనుకున్నాడు. ఆ నోరు తనూజది. ఫ్యాను చప్పుడు, కుక్కల అరుపులు పడకూడదని ఇద్దరూ మందపాటి దుప్పటి ముసుగేసుకుని, నవ్వు ఆపుకోలేక, చెమటలు కారుస్తూ ఆ మాటలు ఫోనులోకి ఎక్కించారు. ‘ఉంది’ అంటే పట్నం మాటలా ఉందని ప్రవీణ్ ఆమెచేత ‘ఉండాది’ అనిపించాడు. “పదును ఉండాది. విత్తుకోండి.” “పదును లేదు. ఆగండి.” ఇంతే. ఆ మాటలు పలకడానికి ఒక పూట పట్టింది.

కడ్డీని మామ పుల్లయ్య చేన్లోనే పాతారు. చుట్టుపక్కల చేన్లన్నీ అదే నేల గనక ఆ ఒక్కటీ అందరికీ చాలు. ఎండాకాలమంతా అది రోజూ పొద్దున పదును లేదనే చెప్పింది. లేనిదానికి రోజూ చెప్పడం ఎందుకని ఎవరూ విసుక్కోలేదు. నిజానికి ఆ గొంతు వినడం ఊరికి అలవాటైపోయింది. పక్కచేను ఈరక్కయితే నీళ్లకు వచ్చిన తనూజను ఆపి, “ఏం పాపా, పొద్దున్నే లేపి ఆగు ఆగు అంటాండావు, నీ మొగునికి కూడా ఇట్లే చెప్తాండావా?” అనేది. ఆడవాళ్లంతా విరగబడి నవ్వేవారు. తనూజ సిగ్గుపడుతూ ఇంటికొచ్చి, ఆ మాట ప్రవీణ్‌కు చెప్పి మళ్లీ సిగ్గుపడేది.

ఈరక్కకు మొగుడు లేడు. కూతుర్ని డోన్‌లో ఇచ్చింది. పుల్లయ్య చేను గట్టు దాటితే ఆమె చేను. బావి లేదు, బోరు లేదు, వానే దిక్కు. తనూజకు ఆ ఊళ్లో మొదట దొరికిన స్నేహితురాలు ఆమే.

అంతలో పెద్ద కబురు వచ్చింది. కొత్త యంత్రాలు, కొత్త ఆలోచనలు చేసినవాళ్లకు దేశదేశాల నుంచీ ఏరి ఇచ్చే ఒక బహుమతికి ప్రవీణ్ ఎప్పుడో అర్జీ పెట్టుకున్నాడు. దాని ఆఖరి వరుసలో ‘పదును’ పేరు ఉందని ఉత్తరం వచ్చింది. తనూజ ఆ ఉత్తరం అత్తకు తెలుగులో చదివి వినిపించి, మామకు చదివి వినిపించి, అమ్మకు ఫోనులో చదివి వినిపించింది. ఆ పూట ఇంట్లో పాయసం వండారు.

ఆ ఉత్తరంలోనే ఒక మెలిక ఉంది. యంత్రం చేన్లో పని చేస్తుండగా, రైతులు దాని మాట విని విత్తుతుండగా సినిమా తీసి పంపాలి. గడువు మృగశిర కార్తెలో వచ్చింది. వాన మాత్రం రాలేదు. ఒకటి రెండు సాయంత్రాలు నాలుగు చినుకులు రాలి, దుమ్ము వాసన రేపి పోయాయి. కర్నూలు నుంచి కెమెరా వాళ్లు వచ్చి కూర్చున్నారు. ప్రవీణ్ ఆకాశం వైపు చూడటం మానేసి ఆలూరు నుంచి నీళ్ల ట్యాంకరు పిలిపించాడు.

ఊరు నిద్ర లేవకముందే కడ్డీ చుట్టూ మడికి కట్టినట్టు నీళ్లు కట్టారు. ఫోను కొట్టే మీట ఆపేస్తానని మొదట ప్రవీణే అన్నాడు. కెమెరా అతను ఒప్పుకోలేదు. చేన్లల్లో ఉన్నవాళ్లందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాలి, అందరూ చెవి దగ్గర పెట్టుకోవాలి, బొమ్మంటే అదీ అన్నాడు. ఎల్లుండికల్లా వాన పడుతుందని ఫోనులో చూపిస్తోంది కదా, రెండు రోజులు ముందయితే ఏమవుతుందని ప్రవీణ్ మీట అలాగే ఉంచాడు.

తనూజ మజ్జిగ చెంబు చంకనేసుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఎండ చురుక్కుమంటోంది. ఉన్నట్టుండి దూరంగా ఒక ఫోను మోగింది, పక్కన ఇంకొకటి, అవతల ఇంకొకటి. తన గొంతే నాలుగు దిక్కుల నుంచీ, గాలికి చిన్నదవుతూ పెద్దదవుతూ, పదును ఉండాది, విత్తుకోండి అంటోంది. ఆమెకు ఒళ్లు జలదరించింది. అంత సంతోషం ఆమె పుట్టి ఎరగదు. పెళ్లినాడు కూడా అంత లేదు.

ఊరు విత్తింది. ముందునాటి చినుకులు లోపలికి బాగానే దిగినాయేమో అనుకున్నారు. నేల పైకి ఎండినట్టున్నా, రోజూ ఆగమన్న పిల్ల ఈ రోజు విత్తమంటోందంటే అబద్ధమెందుకు చెబుతుందనుకున్నారు. కెమెరా వాళ్లు గొర్రు వెనక నడిచి నడిచి తీసుకున్నారు. పుల్లయ్య మాత్రం తడిపిన మడిలో కెమెరా కోసం పిడికెడు వేరుశనగ విత్తనం చల్లి, మిగతా మూట విప్పకుండా భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు. ఎందుకని తనూజ అడగలేదు. కొత్త కోడలు మామను అలాంటివి అడగదు.

ఆ ఎల్లుండికి వాన పడలేదు. ఆ పక్షమూ పడలేదు. విత్తనం ఉన్న కాస్త తడికి ఉబ్బి, మొలక మొనతేలి, అక్కడే మాడిపోయింది. జనం తవ్వి చూసుకున్నారు. ట్యాంకరు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పుల్లయ్య మూట విప్పలేదన్న సంగతి అంతకన్నా ముందే తెలిసింది. అయినా ఎవరూ ఇంటి మీదికి రాలేదు. పొద్దున ఫోను మోగితే ఎత్తడం మానేశారు, అంతే. తనూజ నీళ్లకు వెళితే మాటలు తగ్గిపోయేవి.

ఇంట్లో మొగుణ్ణి నిలదీసింది. “ఏమబ్బా, నా గొంతుతో అబద్ధం చెప్పించినావే” అంది. ప్రవీణ్ అలా కాదన్నాడు. కడ్డీ ఉన్నచోట తడి ఉంది, ఉందని చెప్పింది, యంత్రం తప్పు రవ్వంత లేదన్నాడు. తప్పు వాన మీదికి వెళ్లింది. తరవాత ఆమె ఏడుస్తుంటే దగ్గరికి తీసుకుని, బహుమతి రానీ, అందరికీ విత్తనాలు నేనే కొనిస్తానన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె బతికింది. బహుమతి రావాలని అంతకుముందు సంతోషానికి కోరుకున్నది, ఇప్పుడు భయంతో కోరుకుంది.

శ్రావణంలో బహుమతి పెద్దలు వీడియోలో మాట్లాడతామన్నారు. ఇంటివాళ్లు కాని ఒక ఆడ రైతు నోటి నుంచి వినాలన్నారు. ప్రవీణ్ ఈరక్కను బతిమాలాడు. ఆమె రానంటుందనుకున్నారు, వచ్చింది. పంచలో కంప్యూటరు ముందు చాప మీద కూర్చుని, పక్కనున్న తనూజ మోకాలి మీద చెయ్యి వేసింది.

“నేను చెప్పింది చెప్పినట్టు వాళ్లకి చెప్తావు కదా పాపా?”

తనూజ తలూపింది.

తెర మీద ఒక తెల్లజుట్టు ఆవిడ, ఒక పెద్దాయన. ఇక్కడి మాటలు తెర కింద వాటంతటవే ఇంగ్లీషు అక్షరాలై నడిచే ఏర్పాటు ఉంది. ఈరక్క వాళ్లకు దండం పెట్టి మొదలుపెట్టింది.

“పదును లేదని మట్టిలో పెట్టిన నా వేలికి తెలుస్తానే ఉండెనమ్మా. ఫోనేమో పదును ఉండాది అనె. మా పాప గొంతు కదా అని నా వేలిని నమ్మకుంటి. విత్తినా. అంతా మట్టిలో మాడిపాయ. అది వాన పదును కాదు, ట్యాంకరు పదును. బహుమానం ఇచ్చుకోండి, నేనేం వద్దనను. ఉలవలకైనా ఇంకా అదను ఉండాది. విత్తనాలు ఇప్పుడే ఇయ్యమని ఈ పిల్లోనికి ఒక మాట చెప్పండి.”

ఈ సీమ యాస తెర కింది యంత్రానికి అందలేదు. దానికి తెలిసింది కత్తి పదునే. అక్కడొకటి ఇక్కడొకటి అర్థం లేని ముక్కల మధ్య ‘షార్ప్’ అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చి పోయింది. తెల్లజుట్టు ఆవిడ అది చదువుకుని ముఖం విప్పార్చింది. ఈవిడ ఇది చాలా షార్ప్ యంత్రం అంటున్నట్టుంది, అంతేనా అని తనూజను అడిగింది.

ప్రవీణ్ తెరకు కనబడకుండా గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. సైగ చేయలేదు, తల అడ్డంగా ఊపలేదు. జ్వరం వచ్చినవాడిలా చూస్తున్నాడు, అంతే. తనూజకు చెప్పాల్సిన మాటలన్నీ ఇంగ్లీషులో సిద్ధంగానే ఉన్నాయి. ఒకటొకటీ నోటిదాకా వచ్చాయి. బహుమతి వస్తే విత్తనాలు వస్తాయి కదా అనుకుంది. అది తనకోసం అనుకుందో ఈరక్క కోసం అనుకుందో ఆ క్షణాన ఆమెకే తెలియదు.

“ఎస్” అంది.

తెల్లజుట్టు ఆవిడ నవ్వి, చేతులు జోడించి నమస్తే చెప్పింది. ఈరక్క ఇంకా తనూజ ముఖంలోకే చూస్తూ మిగతా మాటల కోసం కాచుకుని ఉంది.

“అయిపాయనా?” అంది.

“అయిపోయింది ఈరక్కా.”

ఈరక్క తనూజ మోకాలి మీది చెయ్యి తీసుకుని, దాన్నే ఊతగా నేలకు ఆనించి లేచి, మజ్జిగ తాగి పొమ్మని గురమ్మ పిలుస్తున్నా వినకుండా వెళ్లిపోయింది.

బహుమతి వచ్చింది. దసరా దాటి కొన్నాళ్లకు పేపర్లన్నిటిలో ప్రవీణ్ బొమ్మ పడింది. బహుమతి వాళ్లు రాసిన నాలుగు వాక్యాల్లో చివరిది, ఒక మెట్టరైతు మాటల్లో ఇది ఎంతో షార్ప్ అయిన యంత్రం అని. కర్నూలు నుంచి కార్లు వచ్చాయి. దండలు, శాలువాలు వచ్చాయి. ప్రవీణ్ మాట తప్పేవాడు కాదు. రెండో రోజే ఆదోని వెళ్లి విత్తనాలు బేరం చేసి వస్తానని బయల్దేరబోయాడు. పుల్లయ్య కొడుకును వాకిట్లోనే ఆపాడు.

“ఇప్పుడు విత్తనాలు తెచ్చి ఏం చేస్తావప్పా, ఏయించుకుని తింటారా? అదను యాడుండాది?”

ప్రవీణ్ అయితే వచ్చే ఏడు ఇస్తానన్నాడు. 

ఆ వారమే ఊళ్లోకి సుగ్గి బండ్లు వచ్చాయి. పంటలు పోయిన ఏడు ఇక్కడివాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గి అంటారు. ఈ ఏడు ముందుగానే బయల్దేరారు. వీధి చివర బొలేరో మీద గిన్నెలు, పరుపు చుట్టలు, కట్టెల మోపులు ఎక్కిస్తున్నారు. తనూజ పరుగులాంటి నడకతో వెళ్లి, మూట కడుతున్న ఈరక్క ఎదట నిలబడింది. ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది బయటపెట్టింది.

“ఆ పొద్దు నువ్వు చెప్పింది నేను వాళ్లకి చెప్పలేదు ఈరక్కా.”

ఈరక్క ముడి పళ్లతో బిగించి వదిలింది.

“తెలుసు పాపా. నేనేమో అంతసేపు చెప్తిని. నువ్వు ఒక్క మాట అంటివి. ఎంత ఇంగ్లీషైతే మాత్రం అంత పొట్టిగా ఉంటాదా?”

కోపంగా అనలేదు. తిడితే బాగుండునని తనూజకు అనిపించింది. బహుమతి రాకపోయి ఉంటే ఏమయ్యేదో, వచ్చాక ఏమైందో ఏదో చెప్పబోయింది. ఈరక్క వినలేదు. మూట నెత్తిన పెట్టుకుని, ఇంటికి తాళం వేసి, చెయి చాపిన గురమ్మ వైపు వచ్చింది. సుగ్గికి పోయే ప్రతి ఏడూ ఆమె తాళంచెవి గురమ్మ చేతిలో పెట్టి పోవడం మామూలు. గురమ్మ కూడా మామూలుగానే వాకిట్లోకొచ్చి నిలబడి ఉంది.

ఈరక్క ఆమెను దాటుకుని ఎదురింటి గడపలోకి వెళ్లి, బుడేన్ సాహెబ్ పెళ్లాం జానమ్మ చేతికి తాళంచెవి ఇచ్చింది. వానొస్తే కోడిని లోపల వేయమని చెప్పింది. బండెక్కింది. వీధి మలుపు తిరిగేదాకా జానమ్మ గడప వైపే చూస్తూ కూర్చుంది.

గురమ్మ చాపిన చేయి ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది. కోడలి వైపు తిరిగింది.

“ఆమెను ఏమన్నా అన్నావా నువ్వు?”

లోపల నుంచి ప్రవీణ్ పిలుస్తున్నాడు. టీవీ వాళ్లు వచ్చి కూర్చున్నారట, యంత్రానికి గొంతిచ్చింది ఎవరో ఒకసారి చూపించమంటున్నారట. తనూజ అత్తకు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. చెంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి పోయి, కెమెరా ముందు వాళ్లు చూపించిన చోట కూర్చుంది.