కొంచెం తగ్గించండక్కా

చెవుల డాక్టరుకు చూపించుకోవాలట, ఎవరు, తనా, పెళ్ళికి ముందు నుంచీ ఈ రెండు చెవుల మీదే బతుకుతున్న తను, పోనీ చెప్పినవాడెవడా అంటే పేరు లేదు, పేరుండాల్సిన చోట ఒక పిల్లి బొమ్మ, ఆ పిల్లిగారు సెలవిచ్చారు, ఈ ఆల్బమ్‌కి మిక్సింగ్ చేసినవాళ్ళెవరో గానీ ముందు చెవుల డాక్టరుకు చూపించుకోండి, ఏడో పాటలో డ్రమ్ముల మోత తప్ప మాట వినపడితే ఒట్టు, దాని కింద నవ్వే మొహాలు చీమల బారులా, ఆ కింద ఇంకొకడి చమత్కారం, ఆల్బమ్ పేరేమో గొంతెత్తి, పాడినవాడి పేరేమో ఉరుము, తీరా వింటే ఉరుముకి గొంతే లేదు, ఇది మాత్రం బాగానే అన్నాడు వెధవ, తన గురించి కాకపోతే తనూ నవ్వేది, పొద్దున కాఫీ తాగుతూ ఆయన దీన్నే పైకి చదివి వినిపించాడు, కట్టుకున్నవాడు, విన్నావా ఎంత బాగా రాశాడో అని, విన్నాను మహానుభావా, వినడమే కదా నా ఉద్యోగం, మిగతా పాటలన్నిటికీ పొగడ్తలే, కుర్రాడి కలంలో నిప్పుందట, ప్రాసలు కత్తులట, ఆ కత్తులకు పదును పెట్టిందెవరు, ఒక్కో మాటకు ముందు నాలుక చేసే తడి చప్పుడుతో సహా ఏరి పారేసిందెవరు, పొగడ్తలు అతనికి, తిట్లు తనకి, పంపకం బాగుంది, పైగా అట్ట మీద మిక్సింగ్ అని తన పేరు పెద్ద అక్షరాల్లో వేయించాడు, గౌరవమట, ఆ గౌరవం చూసే నిన్న సబ్బు ప్రకటన వాళ్ళు ఫోన్ చేశారు, మేడమ్ ఏమీ అనుకోకండి, ఈసారి వేరేచోట చేయిస్తున్నాం, మాకు మాటలు స్పష్టంగా వినపడాలి కదా, సబ్బు గురించి స్పష్టంగా వినపడకపోతే లోకం మునిగిపోతుంది మరి.

అందుకే ఇక ఊరుకునేది లేదు, పొద్దుట్నుంచీ కూర్చుని ఏడో పాటను విప్పి, అతను దింపించిన గొంతును మళ్ళీ పైకి లేపి, డ్రమ్ములను ఉండాల్సిన చోట కూర్చోబెట్టి, అద్దంలా చేసింది, అన్ని సాకులూ సిద్ధంగా పెట్టుకుంది, సాకులు కావు, రుజువులు, నేను చేసింది ఇదీ, అతను చేయించింది అదీ, చెవులున్నవాళ్ళు విని చెప్పండి అని రాసి కూడా పెట్టింది, బటన్ నొక్కితే లోకమంతా వింటుంది, నొక్కడమే తరువాయి, నొక్కడానికి ముందు ఇంకో నాలుగు తిట్లు చదివితే కోపం చల్లారకుండా ఉంటుందని చదువుతోంది, అంతే.

ఏడాది భరించింది, ఈ రెండో అంతస్తు గదిలో, కింద సైకిళ్ళ కొట్టు, గోడలనిండా బూడిదరంగు స్పంజి, మూలన ఏసీ కింద నీళ్ళు కారే బకెట్, ఏసీ వేస్తే మోత, ఆపితే చెమట, అందులో ఈ ఉరుముగారు మొదటిరోజు మెడలో గొలుసులు, చేతికి కడియాలు, నడుముకి మరో గొలుసు వేసుకుని పాత సామాన్ల కొట్టులా దిగాడు, ఊపిరి తీసుకుంటే గలగల, అన్నీ తీసి ఈ ప్లేటులో పెట్టి లోపలికి వెళ్ళు బాబూ అంటే సిగ్గుపడుతూ తీశాడు, తీశాక చూస్తే చదువుకునే కుర్రాడిలా ఉన్నాడు, అక్కా ఆకలేస్తోంది, అక్కా కడుపులో చప్పుడు మైకుకి వినపడుతోందా, వినపడకేం నాయనా, నీ పాటకంటే బాగా వినపడుతోంది, ఒక్కో పాట నలభైసార్లు పాడేవాడు, ఇది బాగాలేదు అది బాగాలేదు, తల ప్రాణం తోకకొచ్చేది, ఏడో పాట ఒక్కటే, ఒక్కసారికే పాడేసి, బయటికొచ్చి, మంచినీళ్ళ సీసా మొత్తం తాగేసి, ఇది మళ్ళీ పాడనక్కా అన్నాడు, హమ్మయ్య అనుకుంది, దేవుడున్నాడు అనుకుంది, అప్పుడు తెలియలేదు అసలు తద్దినం ముందుందని, మర్నాటి నుంచీ మొదలు, తన కుర్చీ వెనక తలుపు వైపు తిరిగి నిలబడి, కొంచెం తగ్గించండక్కా, ఏం తగ్గించాలి, గొంతు, ఎందుకు తగ్గించాలి, ఊరికే, తగ్గించింది, ఇంకొంచెం అక్కా, ఇంకా తగ్గిస్తే మాటలు డ్రమ్ముల కిందకెళ్ళిపోతాయి అని చెప్పింది, బొమ్మ గీసి చెప్పింది, గొంతూ డ్రమ్మూ ఒకే మెట్టు మీద నిలబడితే తోపులాట అవుతుందని చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది, చెవిటివాడి ముందు శంఖం, అంతా విని తలూపి, నిజమేనక్కా, కొంచెం తగ్గించండి, ఆఖరికి విసుగొచ్చి, నీ ఆల్బమ్, నీ ఇష్టం, నీ తలరాత అని గొంతు మీటను దాదాపు అడుగు దాకా లాగేసింది, ఆఁ ఇప్పుడు బాగుంది అన్నాడు, బాగుందట, ఇప్పుడు జనం తిడుతుంటే ఒక్క ముక్క మాట్లాడితేనా, తగ్గించమన్నది నేనే, ఆవిడ కాదు అని ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది, ఆడలేక మద్దెల ఓడంటారు, ఇక్కడ మద్దెల ఓడని ఊరంతా అంటుంటే ఆడినవాడు మూలన నక్కాడు.

తలుపు ఎవరో కొడుతున్నారు, కరెంటు మనిషేమో, ఏసీ మనిషేమో, రమ్మని వారం నుంచి చెబుతోంది, కాదు, ఎవరో పెద్దాయన, ఖాకీ చొక్కా, జేబులో కళ్ళజోడు, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు, చెప్పులు బయటే విడిచి, ఉత్త కాళ్ళతో, లోపలికి రావచ్చా అమ్మా, మీరేనా ఆ పాటలు చేసింది, అయిపోయింది, ఇప్పుడు ఇంటికొచ్చి తిట్టేవాళ్ళు కూడా తయారయ్యారు, నేనేనండి, చెప్పండి, ఉరుమంటున్నారే, వాడు మా అబ్బాయి, నేను బడి బస్సు నడుపుతాను, మంచిదండి, కూర్చోండి అంది, మంచిదేమిటి, నోటికొచ్చింది అంతే, ఆయన సోఫాలో ఆ చివర, కూర్చున్నాడో లేదో తెలియనంత అంచున కూర్చున్నాడు, కొడుకు కూడా అక్కడే, అలాగే కూర్చునేవాడు.

ఏం లేదమ్మా, ఒక చిన్న సందేహం, ఏడో పాట, ఆఁ ఏడో పాటే, ఇంకేం ఉంటుంది, చెప్పండి, పిల్లలు బస్సులో అవే పాటలు పాడుకుంటారమ్మా, మా డ్రైవరు తాత కొడుకు అని వాళ్ళకి గొప్ప, నాకు అర్థం కాకపోయినా అన్నీ నోటికొచ్చేశాయి, ఆ ఏడో పాట దగ్గర మాత్రం మధ్యలో అందరూ ఊఁ ఊఁ ఊఁ అంటారు, మాటలు తెలియవు పాపం, ఊఁ ఊఁ అని, చివర్న డ్రమ్ములు ఆగినచోట మాత్రం గట్టిగా నాన్నా అని అరిచి, అద్దంలోంచి నా మొహం చూస్తారు, అద్దంలో నాకు కనపడతారు కదమ్మా అందరూ, ఏం చెప్పాలో తెలియదు, ఆ ఊఁ ఊఁలో వాడేమంటున్నాడు.

మీ అబ్బాయినే అడగకపోయారా అంది, గొంతులో కొంచెం కారం, అడిగానమ్మా, మాటలు కావు నాన్నా, తాళం కోసం పెట్టిన చప్పుడు అన్నాడు, చప్పుడైతే పిల్లలు నా వంక ఎందుకు చూస్తారు, వాడు చిన్నప్పుడు నా బస్సులోనే వచ్చేవాడు, డ్రైవరు కొడుకు ముందు కూర్చుంటే మిగతా పిల్లలు ఏమైనా అనుకుంటారని వెనక సీట్లో కూర్చోబెట్టేవాణ్ణి, అందుకేమైనా అన్నాడేమో, అంటే అననీ, నా సర్వీసులో ఒక్క మాట మాత్రం ఎవరూ అనలేరమ్మా, ఒక్క పిల్లాణ్ణి కూడా బస్సులో మర్చిపోలేదు, వేరే బళ్ళలో జరిగాయి అలాంటివి, నా బస్సులో లేదు, ఒకప్పుడు ఒకరోజు పొద్దున్నే తాళం తీస్తే వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది, ఎవడో దొంగ దూరాడని హడలిపోయాను, అప్పట్నుంచీ చివరి సీటు దాకా నడిచి, వంగి, సీట్ల కింద కూడా చూసి గానీ తాళం వెయ్యను, పిల్లలు నవ్వుతారు, తాత ఏదో పారేసుకున్నాడు అని, ఇంతకీ వాడేమంటున్నాడమ్మా అక్కడ, మీరు చేశారు కదా, మీకు తెలిసే ఉంటుంది.

తెలియకేం, ఎన్ని వందలసార్లు విందో, అక్కడ అతనంటున్నది, అక్కడ, స దగ్గర ఈల వేసినట్టు కోస్తుంది, అది సరిచేసింది, తరవాత ఒకచోట ప దగ్గర గాలి వచ్చి మైకుని కొడుతుంది, అది కోసింది, న్నా న్నా న్నా అని వరసగా ముక్కుమోత, దాన్ని తగ్గించడానికి ఒక సాయంత్రం పట్టింది, న్నా సరే, ఏం న్నా, దాని ముందు ఏముంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలుసు, ఎక్కడ మింగుతాడో తెలుసు, ఎక్కడ మైకు నుంచి మొహం తిప్పుకున్నాడో తెలుసు, మాట తెలియదు, ఒక్క మాట తెలియదు, పొద్దున గొంతు పైకి లేపి అద్దంలా చేసి నాలుగుసార్లు వింది కదా, అద్దం తుడవడమే గానీ అద్దంలోకి చూడలేదు, పిల్లి బొమ్మకి వినపడలేదంటే అర్థముంది, గొంతు మీట కింద ఉంది, తనకేమొచ్చింది, ఒక్క నిమిషం ఉండండి అంది ఆయనతో, హెడ్‌ఫోన్ తగిలించుకుంది, డ్రమ్ములన్నీ ఆపేసింది, ఉత్త గొంతు, గొలుసులు తీసేసిన కుర్రాడి గొంతు.

ఊరి పిల్లలందర్నీ గుమ్మం గుమ్మం దగ్గర నువ్వు దింపుతుంటే గర్వంగా చూస్తున్నా, చూస్తూ చూస్తూ చివరి సీట్లో నిద్రపోతున్నా, మెలకువొచ్చేసరికి బయట తాళం పడిన చప్పుడు విన్నా, కిటికీలోంచి దూకి మోకాలు చీరుకున్నా, నీకంటే ముందే ఇల్లు చేరి ఏమీ జరగనట్టు అన్నం తిన్నా, నాన్నా.

ఎదురుగా ఆ నాన్న కూర్చుని ఉన్నాడు, ఆమె మొహంలోకి చూస్తూ, కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చూస్తూ, బాగా వినపడుతోందా అమ్మా అని అడుగుతున్నట్టు పెదాలు కదిలాయి, ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు, పక్కన తెర మీద ఆ బటన్ ఇంకా వెలుగుతోంది, నేను చేసింది ఇదీ అని రాసి ఉంది, నొక్కి ఉంటే రేపటి బస్సులో పిల్లలు ఊఁ ఊఁ మానేసి మాటలతో సహా పాడేవాళ్ళు, ఆయన అద్దంలో చూస్తూ, స్టీరింగు పట్టుకుని, అంతమంది పసివాళ్ళ మధ్య వినేవాడు, ఒక్క పిల్లాణ్ణీ మర్చిపోలేదన్న మనిషి, ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ పేజీ మూసేసింది, పొద్దుట్నుంచీ చేసిన పాటను కూడా తీసేసింది, సబ్బు పోతే పోయింది, పిల్లిగారు ఏమన్నా అననీ.

ఒకసారి అడిగాడు, ఇప్పుడు గుర్తొస్తోంది, పాడి బయటికొచ్చిన రోజే, మంచినీళ్ళు తాగాక, అక్కా ఈ పాట మీకు ఎలా ఉంది అని, తను తెర మీంచి తల తిప్పకుండా, స లు కొంచెం కోస్తున్నాయి, రేపు సరిచేస్తాలే అంది, చిన్నగా నవ్వాడు, సరేనక్కా అన్నాడు, ఆ తరవాతే మొదలైంది తగ్గించమనడం, ఒక్కసారి, ఎందుకురా, ఏం రాశావురా అందులో అని అడిగి ఉంటే, బొమ్మలు గీసి చెప్పింది గానీ అడగలేదు.

ఏమైందమ్మా, అంత చెడ్డగా అన్నాడా అంటున్నాడు పెద్దాయన, లేదండి, చెడ్డగా ఏం లేదు అంది, ఆ హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టి తను బయటికి వెళ్ళిపోవచ్చు, పెట్టబోయి ఆగింది, ఫోన్ తీసి కుర్రాడికి చేసింది, ఎత్తాడు, అక్కా సారీ అక్కా, ఆ కామెంట్లు చూశాను, నేనే రాద్దామనుకుంటున్నా అని మొదలుపెట్టాడు, అది వదిలెయ్, మీ నాన్నగారు వచ్చారు, ఏడో పాటలో ఏమన్నావని అడుగుతున్నారు, అటువైపు ఊపిరి, ఆ ఊపిరి తనకు తెలుసు, వినిపించారా అన్నాడు, లేదు, నేను మాత్రం విన్నాను, ఇప్పుడే, మొదటిసారి, ఆయన్ని ఉండమనండక్కా, నేను వస్తున్నా, నేను పక్కన కూర్చున్నాక పెట్టండి, ఎంత పెంచను అంది, అలవాటు కొద్దీ, వినపడేంత అన్నాడు.

మీ అబ్బాయి వస్తున్నాడండి, మంచినీళ్ళు తాగుతారా అంది, ఆయన సోఫాలో కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాడు, పక్కన ఒక మనిషికి చోటు వదిలి, ఆమె మీట మీద వేలు పెట్టి వీధిలో బండి చప్పుడు కోసం వింటోంది, తీసెయ్యమంటే ఒక్క క్షణం పని, నాలుగు లైన్లు, కోసి పారేసేది, ఎవరికీ తెలిసేది కాదు, అన్నిరోజులూ కుర్చీ వెనక నిలబడి తగ్గించమన్నాడు, తగ్గించమన్నాడు, ఇంకా తగ్గించమన్నాడు, తీసెయ్యమని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.