దివ్య తీసేసిన మాటలు

దివ్య పోయిన నలభయ్యో రోజున ఆమె కంప్యూటర్ తెరిచాను. దివ్య నా చెల్లెలు. త్రిపురారం దగ్గరి తండాలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. జ్వరం వచ్చిన తొమ్మిది రోజులకే పోయింది.

రాసిన తెలుగును పైకి చదివే ప్రోగ్రామ్ ఒకటుంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు. తండా పిల్లల కోసం దానికి లంబాడీ మాటలు నేర్పాలని దివ్య పూనుకుంది. మా అమ్మ పుష్పాబాయి చేత నాలుగు వందల మాటలు పలికించుకుని రాసుకుంది.

మాటలు చేర్చాక ప్రోగ్రామ్‌ను బిల్డ్ చేయాలి. లైనక్స్‌లో ఒక ఆజ్ఞ ఇస్తే వందల ఫైళ్ళు వరసగా తయారవుతాయి. గంటకు పైగా పడుతుంది. దివ్యది మాత్రం ఎప్పుడూ మధ్యలోనే ఆగిపోయేది. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ఒక లైను వచ్చేది. తప్పు తనదేనన్న నమ్మకంతోనే ఆమె పోయింది. అది నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాను.

ఆమె నోటుబుక్కులో తేదీలవారీగా రాసి ఉంది. 'ఈ మాట తీసేశాక ముందుకు పోయింది. నాదే పొరపాటు.' పేజీల నిండా అదే. అలా నూట అరవై మూడు మాటలు తీసేసింది. చివర తీసేసింది 'యాడి'. మా భాషలో అమ్మ అని.

ఆదివారం ఆ కంప్యూటర్‌ను బస్సులో కోదాడ తీసుకెళ్ళాను. అక్కడ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే చరిత ఒకప్పుడు నా విద్యార్థిని.

"ఏమీ మార్చకుండా మళ్ళీ నడపండి సార్," అంది.

నడిపాను. పన్నెండు ఫైళ్ళు ముందుకు పోయి ఆగింది. మళ్ళీ నడిపితే ఇంకో ముప్పై.

"చూశారా? తప్పు రాతలో ఉంటే ఎన్నిసార్లు నడిపినా ఒకేచోట ఆగుతుంది. ఇది ఆగే చోటు మారుతోంది. మాట తీసినా, తియ్యకపోయినా ముందుకు పోయేదే."

నేను నోటుబుక్కు మూసేశాను.

మెమొరీ చాలకపోయినా ఇలా ఆగవచ్చట. ఒకేసారి నాలుగు ఫైళ్ళు చేయించకుండా ఒక్కొక్కటే చేయించింది. అయినా ఆగింది. అప్పుడు మెమొరీని పరీక్షించే ప్రోగ్రామ్ పెట్టి, "భోంచేసి వద్దాం సార్," అంది. తిరిగి వచ్చేసరికి మెమొరీ చెడిందని చూపిస్తూ తెర నిండా ఎర్రటి గీతలు.

లోపల రెండు మెమొరీ ముక్కలున్నాయి. విడివిడిగా పరీక్షించి చెడిన ముక్క ఊడదీసింది. దివ్య మొట్టమొదట రాసిన ప్రతి, నాలుగు వందల మాటలతో ఉన్నది, తీసి నడిపింది. గంటా పది నిమిషాలకు, ఎక్కడా ఆగకుండా పూర్తయింది.

"ఇందులో ఒక్క తప్పు లేదు సార్. దివ్య ఎవరి దగ్గర నేర్చుకుంది?"

"తనంతట తనే," అన్నాను.

మర్నాడు మిర్యాలగూడ వెళ్ళాను. జగదీశ్ నాతో డిగ్రీ చదివాడు. అక్కడ కంప్యూటర్ల దుకాణం నడుపుతాడు. దివ్య కంప్యూటర్‌ను తయారుచేసి ఇచ్చింది అతనే.

"రారా సారూ. సెలవు బడికా, నీకా?"

మెమొరీ ముక్కను బల్ల మీద పెట్టాను.

"నువ్వు పెట్టిందే కదా?"

అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమైంది దీనికి?"

"నువ్వే చెప్పు."

దుకాణంలో ఉన్న ఒక్క మనిషినీ పంపించి వచ్చి కూర్చున్నాడు.

"ఆగస్టుల దివ్య తెచ్చినప్పుడే టెస్ట్ పెట్టిన. ఎర్రగ వచ్చినయ్. కొత్తదని చెప్పి పెట్టిన గని, వాపసొచ్చిన మిషన్ల నుంచి తీసింది అది. గప్పుడు చెప్తే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"అందుకని?"

"'నీ ప్రోగ్రామ్లనే తప్పున్నది, సూస్కో' అని దివ్యకు చెప్పిన. మామూలు పనికి నడుస్తది గదా. నాలుగు రోజులైతే ఇడిసిపెడ్తదనుకున్నరా. తండా పోరి, గింత పట్టు పడ్తదని నాకేం తెల్సు?"

ఇరవై రెండేళ్ళుగా మా అమ్మ చేతి రొట్టె తిన్న మనిషి ఆ మాట అన్నాడు.

"ఆమె విడిచిపెట్టలేదు," అన్నాను. "మా అమ్మ దగ్గరికి వచ్చి ఇది చెప్పు."

"ఇప్పుడెందుకురా? పెద్దమ్మ ఇంక పరేషాన్ అయితది. ఇగో, కొత్తది. నిజంగ కొత్తది. తీస్కపో."

అతను బల్ల మీద పెట్టిన డబ్బాను ముట్టుకోకుండా లేచి వచ్చేశాను.

సూర్యాపేట చేరేసరికి సాయంత్రమైంది. అమ్మ వాకిట్లో పెసలు చెరుగుతోంది. పక్కన కూర్చుని మా భాషలోనే చెప్పాను. దివ్య పనిలో తప్పు లేదని చెప్పాను. జగదీశ్‌కు ఆ సంగతి ముందే తెలుసని చెప్పాను. నా సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. సెప్టెంబరులో దివ్య, "భియా, ఇంకోచోట చూపిద్దామా?" అని అడిగింది. వద్దన్నది నేనే.

"దానికి తెలుసా, తప్పు తనది కాదని?" అంది అమ్మ.

"తెలియదు."

అమ్మ చేట కింద పెట్టింది.

"అది అడిగినప్పుడు ఏమన్నావు? ఎట్లా అన్నావో అట్లాగే చెప్పు."

బళ్ళో లెక్క తప్పిన పిల్లలతో నేను రోజూ అనే మాటే దివ్యతోనూ అన్నాను. నేను తల వంచుకుని చెప్పాను.

"జగదీశ్ చూశాడు కదా. తప్పు నీ దగ్గరే ఉంటుంది. నిదానంగా వెతుక్కో."