సాయన్న దస్తఖత్

నిజామాబాద్‌లో ఆయిల్ ఇంజన్లు అమ్మే బాపురావు దుకాణం మెట్ల దగ్గర రేణుకమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"చిన్నయ్యా, పోలీసోల్లను పిలిపిస్తడేమోరా."

"పిలిపిస్తే నిన్నే తీస్కపొమ్మంట. ఇంట్ల జర నిమ్మలముంటది. నడువక్కా."

డెబ్బై రెండు కరువులో కాలువ నీళ్లు వాళ్ల ఊరు చందూరు దాకా రాలేదు. చెరుకు ఎండిపోతుందని ఆమె కొడుకు సాయన్న ఈ దుకాణంలోనే కిస్తుల మీద ఇంజను తెచ్చి బావికి పెట్టాడు. కొన్ని కిస్తులు కట్టి ఆపైన కట్టలేకపోయాడు. దుకాణం మనుషులు వచ్చి, వాడకట్టంతా చూస్తుండగా ఇంజను చక్రం ఊడదీసి బండిలో వేసుకుపోయారు. ఆ వారంలోనే సాయన్న మోర్తాడ్‌లో పసుపు ఉడకబెట్టే పనికని వెళ్లాడు. మళ్లీ రాలేదు. కబురు చేసినప్పుడల్లా పని ఇంకా ఒడవలేదనేవాడు.

కాగే కడాయి కొడుకు కాళ్ల మీద బోర్లాపడినట్టు రేణుకమ్మకు పట్టపగలే కళ్లకు కట్టేది. చెరుకు తోటలో ఎండుటాకు గలగలమంటే మనిషి నడిచొస్తున్నాడనుకుని గట్టు మీదికి వచ్చి నిలబడేది. గాలే అయ్యేది. అయినా కాసేపు నిలబడేది.

లోపల చిన్నయ్య బేరం మొదలుపెట్టాడు.

"అసలు మొత్తం కడ్తం సేటూ. మిత్తి ఇడువు. చక్రం నీ దగ్గర్నే పెట్టుకుంటివి. మా ఇంజను తిరగకపాయె, నీ మిత్తి మాత్రం తిరుగుతనే ఉండె."

బాపురావు నవ్వాడు. "నీ తమ్ముడు వకీలు గావల్సినోడవ్వా. సగం ఇడుస్త."

"సగం ఇడిస్తే సగం పాపం నీకే ఉంటది," అన్నాడు చిన్నయ్య.

చాయ్‌లు వచ్చాయి. రేణుకమ్మ ముట్టుకోలేదు. చాయ్ చల్లారేసరికి బాపురావు దిగివచ్చాడు. "సరే, మొత్తం ఇడిసిన. చెరుకు పైసలు రాంగనే అసలు ఒక్కపారే ముట్టాలె. తోట సాయన్న పేరు మీదున్నది గద, ఫ్యాక్టరీ పైసలు నాకియ్యమని ఆయన దస్తఖత్ కావాలె. మా మనిషి ఎట్లైన మోర్తాడ్ పోతుంటడు, ఆన్నే పెట్టించుకొస్తడు. పోరడు రావల్సిన పనే లేదు."

చిన్నయ్య సంతోషంగా తువ్వాల దులుపుకుని లేచాడు. రేణుకమ్మ లేవలేదు.

"వద్దు సేటూ. ఆన్నే పెడితే చెల్లదను. ఈడికొచ్చి నీ ముంగట పెట్టాలెనని కబురు చెయ్యి."

"అక్కా! నీకేమన్న పిస లేసిందా?"

బాపురావు కళ్లద్దాలు తీశాడు. "అందరు షరతులు తియ్యమంటరు. నువ్వు ఏసుకుంటున్నవ్. ఆడు రాకపోతే ఏందవ్వా? తోట కొట్టుడు అయ్యేదాక ఆగుత. గప్పటికీ దస్తఖత్ కాకపోతే మిత్తి మల్ల నెత్తిన పడ్తది."

రాకపోతే మిత్తి పెరుగుతుంది, తోట పోతుంది, తమ్ముడు మొహం చూడడు. అన్నీ వరసగా ఆమె కళ్ల ముందు నిలిచాయి. కాని ఆ కాగితం మోర్తాడ్‌లోనే సంతకమై వస్తే అప్పు తీరుతుంది, అంతే. ఆ తరువాత కొడుకును ఇటువైపు లాగేది ఏముంది? అమ్మ ఉంది. రెండేళ్లుగా ఉంటూనే ఉంది.

"ఒప్పుకుంటున్న. గాని ఆడొస్తే ఒక్క మాట అనొద్దు. కూసోమను. గా చక్రం ఆని కండ్లకు కనపడకుంట పెట్టు."

"పెడ్త. చాయ్ గూడ తాపిస్త, సరేనా?"

మెట్లు దిగుతున్నంతసేపు చిన్నయ్య తిడుతూనే ఉన్నాడు. "బంగారమసొంటి ఫైసలా చేస్తే బుగ్గిల కలిపితివి." ఆమెకు వినబడలేదు. బస్టాండు వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. సాయన్న ఇక్కడికి వస్తాడు. దస్తఖత్ పెడతాడు. ఇటు నుంచి ఇటే మోర్తాడ్ బస్సెక్కితే?

గబగబా వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

"ఇంకేందవ్వా?" అన్నాడు బాపురావు.

"పొద్దుగూకినంక రమ్మను సేటూ. మోర్తాడ్ ఆఖరి బస్సు పోయి ఉండాలె. మా ఊరి దిక్కు పోయే వర్ని బస్సు ఇంకా పోయి ఉండొద్దు. గా నడుమ రమ్మను."

ఈసారి బాపురావు నవ్వలేదు. బస్టాండుకు పోయి ఆ రెండు బస్సుల టైములు కనుక్కురమ్మని గుమాస్తాను పిలిచాడు.